ఊళ్లో ఉండి బొమ్మలు వేసేవాళ్లకు: ఎగ్జిబిషన్, రెసిడెన్సీ, ఊరితో కలిసి చేసే పని

నెలకు ఒకరిద్దరైనా ఫోన్ చేసి అడుగుతారు, "అన్నా, హైదరాబాద్‌లో షో పెట్టాలంటే ఎవర్ని కలవాలె?" అని. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి, మొన్న ఒకమ్మాయి నారాయణపేట నుంచి. బొమ్మలు పంపిస్తే చూస్తా, చాలామంది పని నిజంగా బాగుంటుంది. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతా: మీ బొమ్మలు మీ ఊళ్లో ఎవరైనా చూశారా? ఎక్కువసార్లు అటు నుంచి జవాబు రాదు. ఇంట్లో మంచం కింద, బీరువా వెనక, చుట్టి పెట్టిన కాన్వాసులే ఉంటాయి, ఇంటికొచ్చిన చుట్టాలు తప్ప ఎవరూ చూసి ఉండరు.

నేను చెప్పే పద్ధతి ఇది. ముందు మన దగ్గర చూపించండి, తర్వాత హైదరాబాద్ పోండి, ఆ తర్వాత రెసిడెన్సీకి, అంటే కొన్నాళ్లు వేరే చోట ఉండి పని చేసుకోవడానికి, ఇంకా దూరం పోండి, పోయి నేర్చుకున్నది పట్టుకుని మళ్లీ మన ఊరికి వచ్చి ఊరివాళ్లతో కలిసి పని చేయండి. ఎగ్జిబిషన్, రెసిడెన్సీ, ఊరితో పని, ఈ మూడూ వేరువేరు పనుల్లాగా కనపడతాయి గానీ ఒకదాని ఫొటోలు, కాగితాలు, పరిచయాలే ఇంకోదానికి తలుపు తీస్తాయి. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ పుట్టింది మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెంలోనే, కాబట్టి ఊరు చిన్నదని ఎవరూ వెనక్కి తగ్గాల్సిన పని లేదు.

ముందు బొమ్మల లెక్క తేల్చుకోండి

షో అంటే ఇంట్లో ఉన్నవన్నీ గోడకెక్కించడం అనుకుంటారు చాలామంది. వినాయకుడు ఒకటి, ఎడ్లబండి ఒకటి, సినిమా హీరో ఒకటి, మధ్యలో ఒక అబ్‌స్ట్రాక్ట్. చూసేవాళ్లకు మీరెవరో తెలియదు. ఒకే విషయం మీద వేసినవి పన్నెండు నుంచి పదిహేను ఉంటే చాలు, మొదటి షోకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. విషయం పెద్దది కానక్కర్లేదు, మీ అమ్మ పత్తి ఏరేటప్పుడు నడుముకు కట్టుకునే బట్ట ఒక్కటే పదిహేను రకాలుగా వేయొచ్చు.

ప్రతి బొమ్మకు ఒక నోట్‌బుక్‌లో నాలుగు సంగతులు రాయండి: పేరు, సైజు (ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, అంగుళాల్లో), దేంతో వేశారు, ఏ సంవత్సరం. ఇవే కాన్వాస్ వెనక చెక్క మీద కూడా రాసి సంతకం పెట్టండి. పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే మీకు గుర్తుండదు, నా విషయంలో అదే జరిగింది, 2 బొమ్మలకు సంవత్సరం ఏదో నేనే చెప్పలేకపోయాను.

ఫొటోలకు కెమెరా కొనాల్సిన పని లేదు, మంచి ఫోన్ చాలు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఎండ నేరుగా పడని వరండాలో బొమ్మను నిలువుగా పెట్టి, ఫోన్‌ను బొమ్మ మధ్య ఎత్తుకు పట్టుకుని తీయండి. ఫ్లాష్ వద్దు. అద్దం ఫ్రేమ్ కట్టించకముందే తీయాలి, కట్టిన తర్వాత మీ మొఖం, మీ చెప్పులు కూడా అందులో పడతాయి. బ్రష్ గీత కనపడేట్టు దగ్గర నుంచి ఒకటి, పక్కన మనిషిని నిలబెట్టి సైజు తెలిసేట్టు ఒకటి, మొత్తం మూడు. ఇవి ఫోన్‌లో ఒక చోట, బయట ఇంకో చోట దాచుకోండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో చిన్నదవుతుంది, గ్యాలరీవాళ్లకు ఎప్పుడూ మెయిల్‌లోనో, డ్రైవ్ లింక్‌లోనో పంపాలి.

మొదటి షో మన టౌన్‌లోనే

నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో గ్యాలరీ ఎక్కడుంది అంటారు. గ్యాలరీ కోసం వెతక్కండి, హాలు కోసం వెతకండి. డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు, లైబ్రరీలో పైఅంతస్తు గది, ఏదైనా యూనియన్ ఆఫీసు మీటింగ్ హాలు. వీటన్నిటికంటే మంచిది ఒకటుంది, అది చాలామందికి తట్టదు: ఫంక్షన్ హాలు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, హాళ్లు ఖాళీగా తాళం వేసి ఉంటాయి. అప్పుడు పోయి మూడు రోజులకు అడగండి, పెళ్లి రేటులో చిన్న వంతుకు ఇస్తారు, కొందరు కరెంటు బిల్లు కడితే చాలంటారు. ఆషాఢంలో వాన ఉంటుంది కాబట్టి పైకప్పు ఎక్కడైనా కారుతుందా అని ముందే చూసుకోవాలి.

గోడలకు మేకులు కొట్టనీయరు. టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర ఇనుప పైపులు, తెల్ల పరదాలు కిరాయికి తెచ్చి వరసగా నిలబెడితే గోడలు తయారైనట్టే. పూల డిజైన్ పరదాలు ఇస్తామంటారు, ఒప్పుకోవద్దు, తెల్లవే కావాలనండి, లేకపోతే మాసిన తెల్ల పంచెలు ఉతికించి కట్టినా నయం. పైపు నుంచి సన్న ఇనుప తీగతో బొమ్మలు వేలాడదీయండి. బొమ్మ మధ్య భాగం నేల నుంచి 57, 60 అంగుళాల మధ్య ఉండాలి, గ్యాలరీల్లో ఎక్కువగా పాటించే లెక్క ఇది. బడిపిల్లలు ఎక్కువగా వస్తారని తెలిస్తే ఇంకో ఆరేడు అంగుళాలు దించండి. ట్యూబ్‌లైట్ వెలుతురు ఒక్కటే ఉంటే రంగులు చచ్చిపోయినట్టు కనపడతాయి, పసుపు కాంతి ఇచ్చే ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు పదో పన్నెండో తెచ్చుకుంటే బొమ్మ లేచి కూర్చుంటుంది.

బొమ్మ కింద కార్డు తెలుగులో రాయండి. పెద్ద అక్షరాలతో, రెండు మూడు లైన్లే. కార్డు ఇంగ్లీషులో ఉంటే మనవాళ్లు చాలామంది చదవకుండానే వెళ్తారు. ప్రారంభోత్సవానికి నాయకుడిని పిలవాలా అని అడుగుతారు, నా అభిప్రాయం వద్దనే. ఆయన రెండు గంటలు ఆలస్యంగా వస్తారు, ఫొటోలు దిగుతారు, ఆ హడావుడిలో బొమ్మలు చూసే మనిషి ఒక్కరూ ఉండరు. మీకు డ్రాయింగ్ నేర్పిన టీచర్‌ని పిలవండి, లేదా బొమ్మలో ఉన్నవాళ్లనే పిలవండి.

బొమ్మలో ఉన్నవాళ్లను పిలవడం గురించి ఒక సంగతి చెప్పాలి. మర్రిగూడ, నాంపల్లి మండలాల దిక్కు నీళ్లలో ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకలు వంచిందో మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. నేను ఆ ఊళ్లు తిరిగి, బోరింగ్ పక్కన కూర్చున్న మనుషులను, వంగిన మోకాళ్లను వరసగా వేశాను. టౌన్‌లో హాలు తీసుకుని షో పెట్టి, అక్కడి నుంచి ఇరవై మందిని ఆటోల్లో రప్పించాను. ఒక పెద్దమ్మ కర్ర పట్టుకుని తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. వేలు ముందుకు చాచి, రంగుకు తగలకుండా ఆపి, మోకాలి గీత వెంబడి గాలిలోనే కిందికి గీసుకుంటూ పోయింది. తర్వాత నా దిక్కు తిరిగి అన్నది: "కాళ్లు మంచిగనే గీసినవు బిడ్డా. గా కాళ్లతోనే నేను ముగ్గురు పిల్లల పెండ్లిళ్లు జేసిన. అది ఏడున్నది ఇండ్ల?"

ఆ ఒక్క మాటతో నా పని మారింది. ఆ తర్వాత ఆమె ఇంటికి పోయి నెల రోజుల్లో వేసిన బొమ్మల్లో మోకాళ్లు ఉన్నాయి, పెళ్లి పందిరి కూడా ఉంది, ఆమె చేతిలో పసుపు కొట్టే రోకలి కూడా ఉంది. ఇది ఏ గ్యాలరీలోనూ దొరకని మాట, ఎందుకంటే ఆమె గ్యాలరీకి రాదు. అందుకే మొదటి షో ఇక్కడ పెట్టమంటాను. హాల్లో ఒక నోట్‌బుక్ పెట్టి వచ్చినవాళ్లను రాయమనండి, రాయలేనివాళ్లు చెప్పింది మీరే రాసుకోండి, అది తర్వాత ప్రతి దరఖాస్తులో పనికొస్తుంది.

హైదరాబాద్ పోయేటప్పుడు

ముందు ఉత్త చేతులతో పోండి. మాదాపూర్‌లో ప్రభుత్వ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం ఉంది, కళాకృతి, సృష్టి లాంటి ప్రైవేట్ గ్యాలరీలున్నాయి, మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్ల పైచిలుకే, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. మూడు నాలుగు షోలు చూడండి, ఏ గ్యాలరీ ఎలాంటి పని పెడుతుందో అర్థమవుతుంది. దేవుడి బొమ్మలు పెట్టే గ్యాలరీకి వీడియో ఇన్‌స్టలేషన్ పట్టుకుపోతే ఇద్దరికీ టైమ్ వేస్ట్. చూడ్డానికి పోయిన రోజే బొమ్మలు చూపించబోకండి, పేరు, మెయిల్ తీసుకుని రండి.

తర్వాత మెయిల్‌లో ఒక పీడీఎఫ్ పంపండి, 10 ఎంబీ దాటకూడదు. పదీ పన్నెండు బొమ్మలు, ప్రతిదానికీ నోట్‌బుక్‌లోని నాలుగు సంగతులు, అర పేజీ మీ గురించి, అర పేజీ పని గురించి. దీన్నే ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ అంటారు, దీనికి భయపడి చాలామంది ఆగిపోతారు. చిట్కా ఒకటి చెప్తా. బొమ్మ గురించి మీ దోస్తుకు చెప్తున్నట్టు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, దాన్ని తెలుగులో రాసుకోండి, తర్వాత ఇంగ్లీషు వచ్చినవాళ్లతో మార్పించండి. "మా నాయిన బోరు ఏడుసార్లు వేయించాడు, ఏడుసార్లూ నీళ్లు పడలేదు, నేను ఆ ఏడు గుంతలను వేస్తున్నా" అన్నది మంచి స్టేట్‌మెంట్. ఎక్కడో చూసి ఎత్తి రాసిన పెద్దపెద్ద మాటలు రోజూ వంద చదివేవాళ్లు ఒక్క లైన్‌లో పట్టేస్తారు.

ధర సంగతి. చదరపు అంగుళానికి ఇంత అని పెట్టుకోవడం మొదట్లో సులువు. 24 బై 36 బొమ్మ అంటే 864 చదరపు అంగుళాలు, అంగుళానికి 15 రూపాయలనుకుంటే 12,960. గ్యాలరీలు అమ్మిన దాంట్లో మామూలుగా 30 నుంచి 50 శాతం దాకా కమిషన్ తీసుకుంటాయి. 40 శాతం పోతే మీకు మిగిలేది 7,776, అందులోనే ఫ్రేమ్, రవాణా ఉన్నాయి. ఇది చూసుకుని ధర పెట్టండి. ఇంటి దగ్గర కొంటే తక్కువ, గ్యాలరీలో ఎక్కువ అని రెండు ధరలు మాత్రం పెట్టొద్దు, ఒకసారి ఆ పేరొస్తే ఏ గ్యాలరీ మిమ్మల్ని నమ్మదు.

కాగితం లేకుండా ఒక్క బొమ్మ కూడా ఎవరి చేతికీ ఇవ్వొద్దు. నేను ఒక గ్యాలరీకి 9 బొమ్మలు ఇచ్చాను, మాట మీద. ఐదు నెలల తర్వాత తిరిగి వచ్చినవి 8. వాటిలో రెండింటికి కింది అంచు తడిసి బూజు పట్టి ఉంది. ఎన్ని ఇచ్చానో చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. కోపం కంటే బాధే ఎక్కువ, ఆ పోయిన బొమ్మ మా తాత పొలం. అప్పటి నుంచి రెండు కాపీల్లో లిస్టు రాసి, ప్రతి బొమ్మ ఫొటో అంటించి, ఇచ్చిన తేదీ, తిరిగి ఇచ్చే తేదీ, ధర, కమిషన్, పాడైతే ఎవరు కడతారు, అమ్మితే ఎన్ని రోజుల్లో డబ్బులు, ఇవన్నీ పెట్టి సంతకాలు తీసుకుంటున్నా. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. సరైన గ్యాలరీ అయితే వాళ్లే ముందు ఆ కాగితం తీస్తారు.

ఇంకో సంగతి కూడా తెలుసుకుని ఉండండి. బొమ్మ అమ్మినంత మాత్రాన దాని మీద కాపీరైట్ కొన్నవాళ్లకు పోదు, రాతపూర్వకంగా మీరు రాసిస్తేనే పోతుంది. కానీ ఎవరైనా డబ్బులిచ్చి ఫలానా బొమ్మ వేయమని చెప్పి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే అవుతుంది, కాబట్టి అలాంటి పనికి ముందే రాసుకోవాలి. ఎవరిదైనా సరే, బొమ్మ మీద మీ పేరు ఉండే హక్కు, దాన్ని చెడగొట్టి మీ పరువు తీయకుండా అడ్డుకునే హక్కు మీదే. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు పెద్ద కంచు మ్యూరల్ (గోడ శిల్పం) చేస్తే 1979లో దాన్ని పీకి గోడౌన్‌లో పడేశారు, ఆయన కోర్టుకు పోయి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచారు, మిగిలిన ముక్కలు తిరిగి ఇచ్చి 5 లక్షలు పరిహారం కట్టమన్నారు. కేంద్ర ప్రభుత్వం మీదే గెలిచిన కేసు అది.

రవాణాకు రెండు మాటలు. చుట్టాల్సి వస్తే రంగు ఉన్న వైపు బయటికి ఉండేట్టు లావుపాటి పీవీసీ పైపు మీద చుట్టండి, లోపలికి చుడితే రంగు నలిగి పగులుతుంది. రంగు మీద నేరుగా బబుల్‌ర్యాప్ వేయొద్దు, మన ఎండకు ఆ బుడగల అచ్చులు అక్రిలిక్ మీద పడతాయి, ముందు బటర్ పేపర్ వేసి దాని మీద చుట్టాలి.

పోటీలకు పంపాలంటే 1954లో మొదలైన లలిత కళా అకాడమీ ఉంది, జాతీయ ప్రదర్శనకు దరఖాస్తులు పిలుస్తుంది, మన వైపు ప్రాంతీయ కేంద్రం చెన్నైలో. 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లకు కేంద్ర సాంస్కృతిక శాఖ నుంచి నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, దాంట్లో చిత్రకళ, శిల్పం కూడా వస్తాయి. వయసు దాటిపోకముందే చూసుకోండి.

రెసిడెన్సీ

రెసిడెన్సీ అంటే ఇల్లు వదిలి, కొన్ని వారాలో నెలలో వేరే చోట ఉండి, అక్కడి ఆర్టిస్టులతో కలిసి పని చేసుకోవడం. ఉండడానికి గది, పని చేసుకోవడానికి స్టూడియో ఇస్తారు, కొన్ని చోట్ల ఖర్చులకు డబ్బులు కూడా. ఢిల్లీలో 1997 నుంచి ఉన్న ఖోజ్, బెంగళూరులో వన్ శాంతిరోడ్, ఇలాంటివి మన దేశంలోనే ఉన్నాయి. బయటి దేశాల వాటికి రెస్ ఆర్టిస్, ట్రాన్స్ ఆర్టిస్ట్స్ అనే వెబ్‌సైట్లలో వెతకొచ్చు. పాస్‌పోర్ట్ ఇప్పుడే చేయించుకుని పెట్టుకోండి, సెలెక్ట్ అయిన తర్వాత పరుగులు పెడితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

దరఖాస్తులో ఎక్కువ మంది చేసే తప్పు, "నేను అక్కడికి వచ్చి పెద్ద పెయింటింగ్‌లు వేస్తా" అని రాయడం. అవి ఇంట్లోనూ వేయొచ్చు కదా అని అడుగుతారు. ఇంట్లో కుదరనిది ఏంటి, ఆ చోటే ఎందుకు కావాలి అన్నది రాయాలి. పాలమూరు నుంచి బొంబాయికి వలస పోయిన మేస్త్రీల కుటుంబాల మీద పని చేస్తుంటే, ముంబైలో ఆరు వారాలు ఎందుకు కావాలో చెప్పడానికి మీకంటే మంచి కారణం ఎవరికీ ఉండదు.

ఒప్పుకునే ముందు ఇవి అడగాలి: రైలు ఖర్చు ఎవరిది, తిండి ఎవరిది, సామాను డబ్బులు ఇస్తారా, చేసిన పని వాళ్ల దగ్గర వదిలి రావాలా, చివర్లో అందరికీ స్టూడియో తెరిచి చూపించాలా. నెలకు ఇంత అని మన దగ్గరే వసూలు చేసే రెసిడెన్సీలు కూడా ఉన్నాయి. అప్పు చేసి మాత్రం అలాంటివాటికి పోవద్దు. ఆ డబ్బుతో ఇక్కడే ఏడాది రంగులు వస్తాయి.

పోయిన మొదటి వారం బొమ్మ వేయకపోయినా ఫర్వాలేదు. నేను మొదటిసారి పోయినప్పుడు భాష రాక, అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మూలకు కూర్చుని నాలుగు రోజుల్లో మూడు బొమ్మలు పూర్తి చేశాను, ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజు పొద్దున అందరికీ సర్వపిండి చేసి పెట్టా, గిన్నెకు అద్దిన పిండి మీద వేళ్లతో చిల్లులు పెడుతుంటే అర్జెంటీనా నుంచి వచ్చిన ఒకాయన పక్కన కూర్చుని తన వేళ్లు కూడా పెట్టాడు, మాటలు అక్కడ మొదలయ్యాయి. మీకు వచ్చిన పని ఏదైనా సరే, దాంతో మొదలుపెట్టండి.

ఊరితో కలిసి చేయడం

ఇది అన్నిటికంటే కష్టం, నాకు అన్నిటికంటే ఇష్టం. కమ్యూనిటీ ప్రాజెక్ట్ అనే మాట ఇప్పుడు అందరూ వాడుతున్నారు. గోడ మీద బొమ్మ వేసి వెళ్లిపోతే ఊరికి రంగు వేసినట్టు అవుతుంది, ఊరితో కలిసి చేసినట్టు కాదు. 2016లో హైదరాబాద్ మక్తాలో వీధి గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు, పోయి చూడండి, అక్కడివాళ్లతో కూర్చుని ఏ గోడతో ఎలా బతుకుతున్నారో అడగండి. అది మంచి పాఠం.

మీ ప్రాజెక్టుకు ఊరిని ఎంచుకున్నాక మొదటి నెల ఏమీ గీయకండి. పోండి, కూర్చోండి, చాయ్ తాగండి. సీజన్ చూసుకోండి. పత్తి ఏరే రోజుల్లో, వరి కోతల్లో ఎవరూ దొరకరు, బతుకమ్మ ముందు ఆడవాళ్లకు తీరిక ఉండదు. సంక్రాంతి తర్వాత నుంచి ఎండలు ముదిరేదాకా మంచి టైమ్. సర్పంచ్‌తో మాట్లాడి పంచాయతీలో తీర్మానం రాయించండి, బడి అయితే హెడ్‌మాస్టర్‌తో పాటు పిల్లల తల్లుల కమిటీని కూడా అడగండి. ఒకరిని అడిగి ఇంకొకరిని వదిలేస్తే సగంలో పని ఆగుతుంది. ఊళ్లో ఎస్సీ వాడ, బీసీ వాడ అని మీటింగ్‌లు వేరువేరుగా జరిగే చోట, అన్ని వాడలకూ మీరే పోవాలి. అందరూ గుడి దగ్గరికి రండి అంటే కొందరు రారు, ఎందుకు రారో మీకు తెలుసు.

డబ్బుల మాట ముందే మాట్లాడాలి. ఒక మనిషి మీతో కూర్చున్నదంటే ఆ రోజు కూలి పోయినట్టే, ఆ కూలి మీ బడ్జెట్‌లో మొదటి లైన్‌గా ఉండాలి, రంగుల కంటే ముందు. గ్రాంట్ కావాలంటే బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ద ఆర్ట్స్ ఉంది, దానికి దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. ఈ సంగతి మనవాళ్లకు ఎక్కువమందికి తెలియదు.

నేను చేసిన ఒకటి దగ్గరగా చెప్తా. చౌటుప్పల్ దిక్కు ఒక పద్మశాలీల ఊళ్లో మూడు వారాలు ఉన్నాను. ఇక్కత్ చీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టే ముందు, ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రంలాగా పాతిన పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు 9 వేల సార్లు చేయి తిరుగుతుంది. అది ఎక్కువగా ఆడవాళ్ల పని. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దిక్కు షారాజీపేట చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు, ఇవాళ చాలా ఇళ్లలో చేతి ఆసు ఆగిపోయింది.

నేను ఒకమ్మ ఇంట్లో, ఆసు ఒకప్పుడు ఉన్న గోడకే, మందపాటి కాగితం అతికించాను. ఆమె మణికట్టుకు బొగ్గు కడ్డీ దారంతో కట్టి, అప్పట్లో పోసినట్టే పోయమన్నాను. మొదట సిగ్గుపడింది. కోడలు నవ్వింది. పది నిమిషాల తర్వాత ఎవరినీ పట్టించుకోలేదు, కళ్లు సగం మూసుకుని తిప్పుతూనే ఉంది. "ఏడేండ్లాయె ఆసు ముట్టక, చేతికి యాదికున్నది" అన్నది. గంట తర్వాత కాగితం మీద నల్లటి అర్ధచంద్రం. మధ్య పుల్ల ఉండే చోట గీతలన్నీ ఒక్కచోట చేరి కాగితం మెరుస్తోంది, చివర్లలో పలచగా ఉంది. ఒకచోట మాత్రం గీతలన్నీ కిందికి జారి ఉన్నాయి. నేను చేయి అలసిందేమో అనుకున్నా. ఆమె దగ్గరికొచ్చి ఆ చోటే వేలు పెట్టి, "ఇగో ఇక్కడికెల్లే నాకు రెట్ట గుంజుతది, అప్పుడు గూడ ఇక్కడికెల్లే" అన్నది. ఆమె నొప్పి కాగితం మీద ఎక్కడుందో ఆమే చూపించింది, నేను గీసి ఉంటే అది అక్కడ ఉండేది కాదు.

అలాంటివి పదకొండు ఇళ్లలో చేశాం. కార్డు మీద ముందు ఆమె పేరు, తర్వాత నాది. అమ్మితే సగం సగం అని తెలుగులో ఒక పేజీ రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక కాపీ వాళ్ల దగ్గరే పెట్టాను. మొదటి ప్రదర్శన ఆ ఊరి మగ్గాల షెడ్డులోనే. హైదరాబాద్ ఆ తర్వాత.

గోడ బొమ్మలే వేయాలనుకుంటే గోడను ముందు చదవండి. నేను ఒక బడి గోడకు పిల్లలతో కలిసి వారం రోజులు వేసిన బొమ్మ మొదటి వానాకాలానికే పెచ్చులుగా ఊడింది, గోడ లోపల తడి ఉంది, నేను చూసుకోలేదు. పిల్లలు ఆ పెచ్చులు ఏరి పుస్తకాల్లో దాచుకున్నారు. ఇప్పుడు ముందు రెండడుగుల ప్లాస్టిక్ కవర్‌ను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచుతా, లోపల నీటి చుక్కలు కనపడితే ఆ గోడ వద్దు, లేదా పైకప్పు కారడం, పునాది తడి ఆపించిన తర్వాతే. తెల్లగా ఉప్పు లేచిన గోడకు రంగు నిలబడదు. పాత సున్నం ఊడేదాకా గీకి, కడిగి, ఆరనిచ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, దాని మీద ఎక్స్‌టీరియర్ ఎమల్షన్. పడమటి ఎండ పడే గోడకు మెరిసే గులాబీ, ఊదా రంగులు తొందరగా వెలుస్తాయి. మన గడపలకు పూసే జాజు, పసుపు మన్ను లాంటివి ఇనుము ఉన్న రంగులు, అవి ఎన్నేళ్లయినా ఎండకు వెలవవు, పెద్ద భాగాలకు అవే వాడండి.

పని అయిపోయాక మిగిలిన రంగులను ఇంటికి తెచ్చుకోకండి. చిన్న డబ్బాల్లో పోసి, మూత మీద ఏది ఎక్కడ వేశారో రాసి, బడిలోనో పంచాయతీలోనో ఇవ్వండి. రెండు బ్రష్‌లు కూడా. మళ్లీ ఏడాది ఒకసారి పోయి చూడండి, కింద మూడడుగుల దాకా పిల్లల చేతులు, బర్రెల ఒళ్లు తగిలి చెరిగి ఉంటుంది, ఆ మూడడుగులు ఈసారి ఏడో తరగతి పిల్లలతోనే వేయించండి.